ఈ పీత ఏం తింటుంది?

దుద్దుల్లో ఒకటి పోగొట్టుకున్నవాళ్లు మిగిలిన దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని అతని దుకాణానికి వస్తారు. అతను దాన్ని తూచి, భూతద్దంలో చూసి, రెండోది చేసిపెడతాడు. తరవాత ఏది పాతదో ఏది కొత్తదో పెట్టుకున్నవాళ్లకే తెలియదు. వీధిలో అతన్ని జతలాయన అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఆ జబ్బు దుకాణంతో ఆగలేదు. బస్సులో ఎదుటి సీటావిడ లోలాకు ఒకటి పక్కకు తిరిగి ఉంటే దిగేదాకా అతనికి ఊపిరాడదు. ఇంట్లో గోడ మీది ఫొటోలు, గుమ్మం ముందు చెప్పులు, బల్ల మీది గ్లాసులు అతను వచ్చి సర్దేదాకా సర్దినట్టు కాదు. ఆ మధ్య అతని భార్యకు కుడివైపు పన్ను తీయించాల్సి వచ్చింది. ఎడమవైపుది కూడా తీసెయ్యమంటాడేమోనని ఆవిడ డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది.

ఆ దంపతులకు ఒక్కతే కూతురు. జువాలజీ చదివింది. చదువయ్యాక తండ్రి పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకుంది. తీగ లాగడం, టంకం వెయ్యడం, ఆకురాయి పట్టడం వచ్చాయి. వచ్చాక తనకు నచ్చినవి చెయ్యడం మొదలుపెట్టింది. తల్లికి ఒక వెండి గొలుసు చేసిచ్చింది. అది మెడ వెనక సన్నంగా మొదలై, ఒక్కో బిళ్లా వెనకటి దానికన్నా కాస్త పెద్దదవుతూ ముందుకు వస్తుంది. తల్లి దాన్ని వేసుకుని చుట్టాలింటికి భోజనానికి వెళ్లింది. అందరూ మెచ్చుకున్నారు. ఏం డిజైను వదినా అని ఆడపడుచు అడిగితే, తల్లి అక్కడినుంచే కూతురికి ఫోను చేసి, అందరికీ వినపడాలని స్పీకరు పెట్టింది. కడుపులో ఉండే బద్దెపురుగు అని కూతురు చెప్పింది. ఆ రోజు ఎవరూ మారు వడ్డించుకోలేదు.

ఊళ్లో సైన్స్ మ్యూజియం ఉంది. జీవులను చూసి చేసిన నగలతో వాళ్లు ప్రదర్శన పెడుతున్నారు. పేరున్నవాళ్లకు పిలుపులు ముందే వెళ్లాయి. కొత్తవాళ్లకని ఒక్క చోటు ఉంచారు. కూతురు దానికి అర్జీ పెట్టింది. చేసే ప్రతి నగా నిజం జీవికి సరిపోయేలా ఉంటుందని అర్జీలో రాసింది. తండ్రితో ఒప్పందం చేసుకుంది. చోటు దొరికితే దుకాణంలో సగం బల్ల ఆమెది. దాని మీద ఏ పురుగు చేసినా అతను నోరెత్తడు. దొరక్కపోతే వచ్చే నెల నుంచి అతని పక్కన కూర్చుని మామూలు దుద్దులు చేస్తుంది. అప్పుడు నోరెత్తకూడనిది ఆమె.

వంతెన కింద కాలవ బురదలో తిరిగే పీతను ఎంచుకుంది. ఆ జాతిలో మగ పీతకు ముందుకాళ్లలో ఒకటి ఒంటితో సమానంగా పెరుగుతుంది. రెండోది అగ్గిపుల్లంత ఉంటుంది. వాటిని కాళ్లనాలో గిట్టలనాలో తేలక ఇంట్లో అందరూ చేతులనే అన్నారు. కుడి చెవికి పెద్ద చెయ్యి, ఎడమ చెవికి చిన్న చెయ్యి. పెద్దదానికి మడతబందు పెట్టింది. తల ఊపితే దాని వేళ్లు తెరుచుకుని మూసుకుంటాయి. తండ్రికి మాత్రం పీత చేతులు చేస్తున్నానని, అయ్యేదాకా చూడొద్దని చెప్పింది. అతను చూడలేదు. చూడనందుకు ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా గొప్ప చెప్పుకున్నాడు.

మ్యూజియానికి వెళ్లే ముందురోజు పొద్దున్నే ఆమె వడ్రంగి దగ్గరికి వెళ్లింది. నగలు నిలబెట్టే చెక్క పీఠం అక్కడ తయారవుతోంది. దుద్దులున్న పెట్టెను బల్ల మీద వదిలి వెళ్లింది. పని అయిపోయింది కాబట్టి మాట తప్పినట్టు కాదనుకుని తండ్రి మూత తీశాడు.

చాలాసేపు చూశాడు. పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని మడతబందు ఆడించాడు. తను అంత చక్కగా పెట్టగలడా అని ఆలోచించుకున్నాడు. పెట్టగలడని తేల్చుకున్నాడు. తరవాత చిన్నదాన్ని చూశాడు. గుండె తరుక్కుపోయింది. పిల్లకు వెండి చాల్లేదు, అడగడానికి మొహమాటపడింది, ఉన్నదాంతో ఏదో చుట్టబెట్టింది అని భార్యతో చెప్పాడు. ఫోను చేసి అడగమని ఆవిడ అంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది, మనం కనిపెట్టినట్టు తెలియకూడదు అన్నాడు.

చిన్న చేతిని మూసలో వేసి కరిగించాడు. తన దగ్గరున్న వెండి దానికి కలిపాడు. ఆ రోజు వచ్చిన విడి దుద్దులన్నిటినీ రేపు రమ్మన్నాడు. కూతురు దీపాలు పెట్టే వేళకు పీఠం చంకన పెట్టుకుని వచ్చేసరికి పెట్టె ఎప్పటిలాగే మూసి, తాడు కట్టి ఉంది.

"చూడొద్దన్నావు. చూశాను," అన్నాడు తండ్రి. "ఇప్పుడు సరిగ్గా ఉంది."

తను చేసినదాన్ని తండ్రి సరిగ్గా ఉందనడం ఆమె అప్పటిదాకా వినలేదు. ఆ సంతోషంలో 'ఇప్పుడు' అన్న మాట పట్టించుకోలేదు. పెట్టె విప్పలేదు.

మర్నాడు తండ్రే స్కూటరు మీద తీసుకెళ్లాడు. లోపలికి పిలిస్తే ఆమె ఒక్కతే వెళ్లింది. అతను హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. గదిలో ఇద్దరున్నారు. ఒకరు మ్యూజియం డైరెక్టరు. కళ్లజోడు తల మీదికి తోసుకుని, దానికోసం బల్లంతా వెతుకుతోంది. రెండోవాడు ప్రొఫెసరు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పీతలు తప్ప మరొకటి చదవలేదని డైరెక్టరు పరిచయం చేసింది. తప్పు, ఒకసారి రొయ్యలు కూడా చదివానని అతను సవరించాడు.

ఆమె తాడు విప్పి మూత తీసింది. లోపల రెండు పెద్ద చేతులున్నాయి.

ఎడమది ఎవరు చేశారో చూడగానే తెలిసింది. చెవికి తగిలేచోట అంచును గుండ్రంగా అరగదీసే అలవాటు ఆ వీధిలో ఒక్కడికే ఉంది. చిన్న చెయ్యి ఏమైందో కూడా తెలిసిపోయింది. ఆ ఇంట్లో మిగిలిన వెండి ఎక్కడికి పోతుందో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

డైరెక్టరుకు కళ్లజోడు దొరికింది. రెండింటినీ వెలుతురులో పెట్టి చూసింది. పనితనం గొప్పగా ఉందంది. ముఖ్యంగా ఎడమది అంది.

ప్రొఫెసరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు.

"ఈ పీత ఏం తింటుంది?" అన్నాడు.

జవాబు తనే చెప్పాడు. బురద ఎత్తి నోట్లో పెట్టుకునేది చిన్న చేత్తో. పెద్ద చెయ్యి నోటిదాకా వంగదు. రెండూ పెద్దవైతే తిండి లేదు. ఇది వారం తిరక్కుండా చస్తుంది. ఆ చెప్పడంలో పీత గదిలోనే ఉన్నంత బాధ ఉంది.

డైరెక్టరుకు జాలేసింది. ఊహించి చేసిన పీత అనుకోవచ్చు కదా, కళాకారులకు ఆ వెసులుబాటు ఉంటుంది కదా అని కూతురి వైపు చూసింది. అవునంటే చాలు. చోటూ దొరుకుతుంది, సగం బల్లా దొరుకుతుంది. కూతురు నోరు తెరిచింది. కుడి చెయ్యి తను కాలవ గట్టున మోకాళ్ల మీద కూర్చుని పీతను చూసి గీసుకున్నది. తండ్రి చేసిన ఎడమ చేతిని చూసింది.

"ఊహ కాదండీ," అంది. "ఎడమది మా నాన్న చేశాడు. వరండాలో ఉన్నాడు."

పిలిపించారు. అతను హెల్మెట్‌తోనే లోపలికి వచ్చాడు. రెండు చేతులూ బయటపెట్టి ఉండడం చూసి, కూతురు గెలిచిందనుకుని నవ్వాడు. ప్రొఫెసరు అతన్ని కూర్చోబెట్టి పీత భోజనం సంగతి చెప్పాడు. నవ్వు తగ్గుతూ వచ్చింది. చిన్నది పొరపాటు కాదా అని కూతుర్ని అడిగాడు. కాదంది. అతను హెల్మెట్‌ను ఈ మోకాలి మీదినుంచి ఆ మోకాలి మీదికి మార్చాడు.

"మరి సార్, పెద్ద చేత్తో అది ఏం చేస్తుంది?"

"ఊపుతుంది."

"దేనికి?"

"ఆడ పీతలు చూడాలని."

"రోజంతానా?"

"నీళ్లు తీసి బురద బయటపడినంతసేపూ."

"ఇంకో పనేం లేదా?"

"ఎప్పుడైనా పక్కవాడితో తగాదా పడుతుంది."

"మా బావమరిదిలాగే," అన్నాడు తండ్రి తనలో తను. తరవాత, ఆ పెద్ద చెయ్యి అసలు ఏ వైపు ఉంటుందని అడిగాడు. ఈ జాతి మగవాటిలో సగానికి కుడివైపు, సగానికి ఎడమవైపు ఉంటుందని ప్రొఫెసరు చెప్పాడు.

"సగానికి సగమా?"

"ఇంచుమించు."

గదిలోకి వచ్చాక మొదటిసారి తండ్రి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "అయితే కాలవలో జత ఉంది," అన్నాడు.

అప్పుడు కూతురికి తట్టింది. నాన్న పాడుచేసింది ఏమీ లేదంది. ఇవి ఒక పీత రెండు చేతులు కావు. ఇది కుడిచేతివాటం పీత, అది ఎడమచేతివాటం పీత. ఎదురెదురుగా నిలబడి చెయ్యి ఊపుకుంటున్నాయి. రెండింటికీ తిండి చేతులు కావాలి, అంతే.

ప్రొఫెసరు డైరెక్టరు వైపు చూశాడు. ఆవిడ కళ్లజోడు మళ్లీ తల మీదికి తోసుకుంది. మర్నాడు తలుపులు మూసేలోగా తెమ్మంది. రెండు షరతులు పెట్టింది. ఎడమ పెద్ద చెయ్యి ఎవరు చేశారో కింద రాయాలి. చిన్న చేతులు రెండూ కూతురే చెయ్యాలి. చోటు ఇస్తున్నది కొత్తవాళ్లకు. ఈయన్ని కొత్తవాడని ఎవరూ అనరు.

మర్నాడు దుకాణంలో కూతురు పని చేస్తుంటే తండ్రి పక్క స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఆమె ఆకురాయి పట్టినప్పుడల్లా అతని భుజం కదిలింది. వెండి వేడెక్కుతుంటే అతను నోటితో గాలి ఊదాడు. కాఫీ తెచ్చిన భార్య, అలా కూర్చున్నారేం అని అడిగింది. తనకు నిషేధం ఉందన్నాడు. పెళ్లయిన కొత్తలో పెట్టుంటే బాగుండేదని ఆవిడ గ్లాసు కూతురి పక్కన పెట్టి వెళ్లింది. ఒకావిడ రుమాల్లో విడి దుద్దు తెచ్చేసరికి అతను లేచి, చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

చిన్న చేతులు రెండూ అయ్యాయి. కొసలు చెంచాల్లా ఉన్నాయి, బురద ఎత్తడానికి. కూతురు వాటిని తక్కెట్లో చెరోవైపు వేసింది. ముల్లు నిలబడలేదు. ఎడమ పీతది కాస్త తేలిక. తండ్రి చూశాడు. చెయ్యి తొడకింద నుంచి బయటికి వచ్చింది, ఆకురాయి దాకా వెళ్లింది. ఆ చెయ్యి అక్కడే ఆగి, ఆకురాయిని బల్ల అంచుకు సమానంగా జరిపి, వెనక్కి వెళ్లింది.

తలుపులు మూసేలోగా చేరారు. ఈసారి అతన్ని కూడా లోపలికి రమ్మన్నారు. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పీఠం మీద రెండు పీతలు ఎదురెదురుగా నిలిచాయి. ప్రొఫెసరు చుట్టూ తిరిగి చూసి, ఇవి బతుకుతాయన్నాడు. డైరెక్టరు కూతురి పేరు రాసుకుంది. తరవాత భూతద్దం తీసి ఇంకోసారి వంగింది.

"చిన్న చేతులు రెండూ ఒకేలా లేవేం? ఎడమ పీతది కొంచెం సన్నంగా ఉంది."

కూతురు కూడా వంగి చూసింది.

"వాడు తక్కువ తింటాడమ్మా," అన్నాడు జతలాయన గుమ్మం దగ్గరనుంచి.

ప్రొఫెసరు కాదనలేదు.