అత్తగారి కిటికీ ముందు దీపాలు

ఏడాది చివరి సెలవులు వచ్చాయంటే ఆ వీధి వీధంతా సీరియల్ లైట్లతో మెరిసిపోయేది. ఈ ఏడాది మాత్రం దర్జీ మాస్టారి ఇల్లొక్కటే చీకట్లో ఉండిపోయింది. ఏటా అందరికంటే ముందు లైట్లు పెట్టే మనిషి, అందరికంటే చివర తీసే మనిషి ఆయనే. అలాంటిది ఈసారి ఆ ఊసే ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "ఆ తళుకులూ బెళుకులూ నాకిప్పుడు పడటం లేదండీ, తలనొప్పి వస్తోంది" అని మాట తప్పించి, తల వంచుకుని మిషను తొక్కుకునేవాడు.

అసలు సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. నిరుడు బల్ల మీద స్టూలు వేసి, స్టూలు మీద తానెక్కి లైట్లు కడుతున్నాడు. పైన వైరేమో టేపులు చుట్టి చుట్టి అతికించిన పాతది. గోడేమో వాన వెలిసి ఇంకా ఆరనిది. వేళ్ళు జివ్వుమన్నాయి, ఆ విదిలింపుకి స్టూలు ఒక పక్కకీ మాస్టారు ఒక పక్కకీ పడ్డారు. తొడ ఎముక విరిగింది. నెలల తరబడి మంచం, ఆ తర్వాత చేతికర్ర. ఇప్పుడిప్పుడే మళ్ళీ మిషను ముందు కూర్చోగలుగుతున్నాడు.

ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు. వీధిలో అందరికీ కండక్టరమ్మే. ఆ రోజు కబురు అందగానే డ్యూటీ మధ్యలో దిగి పరుగెత్తుకొచ్చిన మనిషి, ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక్కటే మాట అంది. "మన ఇంట్లో ఇంకోసారి సీరియల్ లైటు మాట వినబడిందో, నేను మా డిపోలోనే పడుకుంటాను, అంతే!"

నిజానికి ఆ మాట విని మాస్టారి ప్రాణం కుదుటపడింది. ఇప్పటికీ కలలో ఆ స్టూలు కదులుతూనే ఉంది మరి. పెళ్ళాం వద్దంది కాబట్టి పెట్టలేదు అని చెప్పుకోవడం, భయమేసి పెట్టలేదు అని చెప్పుకోవడం కంటే ఎంత సుఖం!

ఇంట్లో మూడో మనిషి ఆయన అత్తగారు. కూతురి దగ్గరే ఉంటోంది. కొన్నేళ్ళుగా చూపు మందగిస్తూ వస్తోంది. ఆవిడ గది కిటికీ ఇంటి పక్క సందులోకి తెరుచుకుంటుంది. ఎదురుగా పక్కింటివాళ్ళ ఖాళీ గోడ తప్ప ఇంకేమీ ఉండదు. ఏటా మాస్టారు ఆ సందులో చూరు పొడుగునా కూడా, కిటికీలోంచి కనబడేలా, లైట్లు వేసేవాడు. మనుషుల ముఖాలు పోల్చుకోలేని రోజుల్లో కూడా ఆవిడ ఆ రంగుల చుక్కల్ని చూసి మురిసిపోయేది.

సెలవులు మొదలైన రోజు సాయంత్రం ఆవిడ కూతుర్ని అడిగింది. "అమ్మాయ్, లైట్లు పెట్టారా?"

డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చిన కండక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. లేదంటే ఈవిడ అల్లుణ్ణి అడుగుతుంది. అత్తగారు అడిగితే ఆయన కాదనలేడు, ఆ కాలు వేసుకుని మళ్ళీ ఎక్కుతాడు. ఎందుకొచ్చిన గొడవ అనుకుని, "పెట్టారమ్మా, వెలుగుతున్నాయిగా" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట అక్కడితో మర్చిపోయింది కూడా.

ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు కొట్టు మూసి భోజనానికి ఇంటికొచ్చేసరికి అత్తగారు నడవాలో గోడ పట్టుకుని నడుస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. గోడ తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళింది, గడప ఎక్కడుందో కాలితో వెతుక్కుంది, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఏంటత్తయ్యా ఇది? కళ్ళు మూసుకుని నడుస్తున్నారేంటి?"

ఆవిడ ఉలిక్కిపడి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నవ్వింది. "అలవాటు చేసుకుంటున్నా బాబూ. ఈ చూపు ఇంకెన్నాళ్ళో ఉండదుగా. ట్యూబులైటు వేస్తే తెల్లగా తెలుస్తోంది గానీ, మీరు పెట్టిన ఆ చిన్న లైట్లు ఒక్కటీ కంటికి ఆనడం లేదు. ఇదివరకు బాగానే ఆనేవి. రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నా, అంతా నలుపే. అమ్మాయికి చెప్పకండి, అసలే మీ కాలితో దాని ప్రాణం విసిగిపోయింది."

మాస్టారికి ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఈ ఏడాది నేను లైట్లు పెట్టలేదు. ఒక్కటి కూడా పెట్టలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నారు."

"ఒట్టు, అత్తయ్యా!"

"మీ మంచితనం నాకు తెలియంది కాదు లెండి" అని ఆవిడ ఆయన భుజం తట్టి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఇక ఎంత చెప్పినా నమ్మలేదు.

సాయంత్రం భార్య రాగానే మాస్టారు జరిగింది చెప్పాడు. కండక్టరమ్మ భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా కుర్చీలో కూలబడిపోయింది. "అయ్యో! నోటికొచ్చిన మాట అనేశాను. అదింత పని చేస్తుందనుకోలేదు."

"రేపు నీకు సెలవేగా. లైట్లు పెట్టేద్దాం."

"పెట్టాక కూడా కనబడకపోతే?"

"కనబడకపోతే డాక్టరు దగ్గరికి వెళదాం. కనబడుతుంటే మాత్రం, చూపున్న మనిషి చేత కళ్ళు మూసుకుని నడిపిస్తున్నాం కదే!"

ఆమె లేచి సంచీ మేకుకి తగిలించింది. "సరే. కానీ నిరుటిలా కాదు, నేను చెప్పినట్టు."

మర్నాడు పొద్దున్నే అటక మీది పెట్టె దింపి చూస్తే లోపల లైట్లన్నీ పిచ్చుక గూడులా చిక్కుపడి ఉన్నాయి. వాటిని ముందుగదిలో నేల మీద పరిచి, మాస్టారు గుడ్డలో లోపాలు వెతికినట్టు వైరు పొడుగునా వేళ్ళతో తడిమి చూశాడు. పైతొడుగు పగిలిన చోటు కనబడితే చాలు, ఆ తీగ మొత్తం పక్కన పెట్టాడు. "టేపు చుడితే సరిపోదూ?" అని పాత అలవాటు కొద్దీ నోరు జారాడు గానీ, భార్య చూసిన చూపుకి తానే దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు. చివరికి మిగిలింది ఒక్కటంటే ఒక్కటి. అది కూడా ఇంట్లో వాడుకునే రకం. వానకి తట్టుకునేవి బజారుకెళ్ళి కొత్తవి తెచ్చారు.

తెచ్చినవాటిని గోడెక్కించే ముందు నేల మీదే ప్లగ్గు పెట్టి వెలిగించి చూశారు. తర్వాత మాస్టారు మెడలోని కొలత టేపు తీసి సందు గోడ కొలిచాడు. చొక్కా కత్తిరించే ముందు ఎంత లెక్క చూస్తాడో అంత లెక్కా చూసి, ఎక్కడ మొదలుపెడితే వైరు వృథా కాదో, ప్లగ్గు దాకా మనిషి కాలికి అడ్డం పడకుండా ఎలా వెళుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. మేకులు కొట్టి వైరు నలగగొట్టడం మానేసి, చూరుకి తగిలించే ప్లాస్టిక్ కొక్కేలు తెచ్చుకున్నాడు.

"ఈ బుద్ధి నిరుడేమైంది?" అంది కండక్టరమ్మ.

"నిరుడు స్టూలు మీద ఉంది" అన్నాడు మాస్టారు. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. కాలు విరిగాక ఆ సంగతి గుర్తు చేసుకుని నవ్వడం అదే మొదలు.

రంగులు వేసే పక్కింటాయన దగ్గర నిచ్చెన అడిగి తెచ్చారు. సందులో గచ్చు ఎగుడుదిగుడు లేనిచోట నిలబెట్టి, కదిపి చూసి, మాస్టారు మొదటి మెట్టెక్కాడు. రెండోదీ ఎక్కాడు. మూడోదాని మీద కాలు పెట్టగానే నిచ్చెనని రెండు చేతులా వాటేసుకుని ఆగిపోయాడు. అరచేతులు చెమటతో జారుతున్నాయి. కింద నేల ఎక్కడో పాతాళంలో ఉన్నట్టు తోచింది.

"ఏవండీ, దిగండి."

"ఒక్క నిమిషం ఆగు..."

"దిగండి అంటుంటే!"

ఆయన మెల్లగా దిగి గోడకి జారబడ్డాడు. "నీ మాట విని మానేశానని అందరికీ చెప్పుకుంటున్నాను గానీ, అసలు నాకే భయంగా ఉందే. మొదట్నించీ భయమే."

"తెలుసు" అంది ఆమె, చెప్పులు విప్పి జారని బూట్లు తొడుక్కుంటూ. "అంతెత్తు నుంచి పడ్డ మనిషికి భయం లేకపోతేనే నాకు భయం. జరగండి, నేనెక్కుతా. బ్రేకు మీద బ్రేకు వేసే డ్రైవరు వెనక కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టినదాన్ని. ఈ నిచ్చెన నన్నేం చేస్తుంది? మీరు గట్టిగా పట్టుకోండి చాలు."

మాస్టారు రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు. పట్టుకున్నాక చిత్రంగా భయం తగ్గింది. ఆమె పైన కొక్కెం తగిలించి "రైట్!" అంటే ఆయన వైరు అందించేవాడు. చెయ్యి చాచబోతే, "చాచకు, దిగి నిచ్చెన జరుపుకుందాం" అని ఆపేవాడు. "ఇంత దానికి దిగాలా?" అని విసుక్కుంటూనే ఆమె దిగేది. అలా గొణుక్కుంటూ, జరుపుకుంటూ, మధ్యలో ఒకసారి టీ తాగి, పొద్దు వాలేలోపు పని ముగించారు. ఒక ప్లగ్గు మీద ఇంకో ప్లగ్గు గుచ్చకుండా, లైట్లన్నీ ఒకే తీగగా వరండాలోని స్విచ్చుకి తెచ్చారు.

చీకటి పడుతుండగా అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గదిలో లైటు ఆర్పారు. కండక్టరమ్మ తల్లి పక్కన నిలబడింది. మాస్టారు వరండాలోకి వెళ్ళి స్విచ్చు వేశాడు. వేసి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

గదిలోంచి ఏ చప్పుడూ లేదు.

కండక్టరమ్మ ఏదో అనబోతుంటే తల్లి చెయ్యి పైకి లేచింది. చూపుడు వేలు గాలిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా, చూరు వెంట మెల్లగా గీత గీసింది. "అక్కడ ఎరుపు. ఆ తర్వాత పచ్చగా ఉన్నాయి... అమ్మాయ్, అవేనా?"

"అవేనమ్మా!"

వరండాలో మాస్టారికి మాత్రం అనుమానం తీరలేదు. ఏటా చూసిన గోడ కాబట్టి, తమని సంతోషపెట్టడానికి ఊహించి చెబుతోందేమో! చప్పుడు కాకుండా స్విచ్చు ఆపాడు.

"అదేంటి, పోయాయి! కరెంటు పోయిందా బాబూ?" అని కేకేసింది అత్తగారు.

మాస్టారు మళ్ళీ స్విచ్చు వేసి, గడప మీదే కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. లోపల అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ తిడుతోంది. "కళ్ళున్నదాన్ని గుడ్డిదాన్ని చేశావు కదే! అల్లుడు చెబితే అబద్ధమనుకున్నాను. ఎన్ని సాయంత్రాలు ఏడ్చానో తెలుసా?" కూతురు కూడా ఏడుస్తూ, "తప్పయిపోయిందమ్మా, తిట్టు, ఇంకా తిట్టు" అంటోంది.

ఇన్నాళ్ళూ "పోయే చూపుకి డాక్టరెందుకు" అంటూ వచ్చిన ఆవిడ ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి బయల్దేరింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఒక కంట్లో ఉన్నది పొరేననీ, అది తీసేస్తే చూపు బాగా మెరుగవుతుందనీ, రెండో కంట్లో మాత్రం పోయింది తిరిగి రాదనీ, చుక్కల మందుతో ఉన్నది కాపాడుకోవాలనీ చెప్పింది. ఆశ పెట్టగలిగినంత మేర ఆశ పెట్టింది, అంతకు మించి పెట్టలేదు.

సెలవులు అయిపోయాక లైట్లు దించే రోజున మాస్టారు తానెక్కుతానన్నాడు. కండక్టరమ్మ నిచ్చెన పట్టుకుంది. మూడో మెట్టు దగ్గర ఆగి, కాసేపు గోడ వంక చూస్తూ నిలబడి, నాలుగోదెక్కాడు. అక్కడికి అందినంత మేర లైట్లు దించి దిగిపోయాడు. మిగతావి ఆమె దించింది. తీగని చిక్కుపడకుండా అట్టముక్కకి చుట్టి పెట్టెలో సర్దాడు.

అత్తగారికి ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పిన రోజు కూతురూ అల్లుడూ ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ కూతురి ముఖం చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, కళ్ళు చికిలించి, నోరు తెరిచింది.

"ఇదేంటి బాబూ, ఇంత నెరిసిపోయారు? నేను చూసినప్పుడు నల్లగా నిగనిగలాడేవారు కదా!"

మాస్టారు తల తడుముకున్నాడు. కండక్టరమ్మ ఆసుపత్రి అని కూడా చూడకుండా పగలబడి నవ్వింది.