పోంటా డెల్గాడాలో దిగేదెవరు

“వదినా, ఓడ యాడ యాడ ఆగుతాదో, ఆగినచోట ఏం చూడాలో నువ్వే చూసిపెట్టు. మాకైతే ఆ పేర్లకు నోరే తిరగదు” అని అశోక్ ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడు నాగవేణి గోంగూర ఒలుస్తూ ఉంది. మరిది మాట పని చెప్తున్నట్టుగా లేదు, పదవి ఇస్తున్నట్టుగా ఉంది. ఈ ఇంట్లో ఆమెకు పదవులన్నీ అలాగే వచ్చాయి. పెళ్ళయిన కొత్తలో “కారం నీ చెయ్యి పడితేనే కుదురుతాది” అన్నారు, ఊరగాయలన్నీ ఆమెవయ్యాయి. “బయటి దేశాలోళ్ళకు రాయడం నీకే తెలుసు” అన్నాడు భర్త శ్రీరాములు, పలకల ఫ్యాక్టరీకి వచ్చే ఈమెయిళ్ళకు జవాబులు రాయడం ఆమె వంతయింది. కింద పేరు మాత్రం శ్రీరాములుది. మీ ఇంగ్లీషు ఎంత చక్కగా ఉంటుందో అని ఎవరో దొర మెచ్చుకుంటే, ఆ మెప్పు చదివి వినిపించిందీ ఆమే. అత్త సుబ్బులమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు “అక్కా, నీ చెయ్యి మెత్తన” అంది తోడికోడలు రాధిక. అప్పటినుంచి అత్తను మంచం మీద నుంచి లేపడం, స్నానాల గదికి నడిపించడం, కూర్చోబెట్టడం, కడగడం నాగవేణివయ్యాయి. బడిలో భూగోళం చెప్పే ఉద్యోగం ఆ నెలలోనే మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. “ఎట్ల చేస్తావో నీ ఇష్టం” అన్నాడు శ్రీరాములు.

ఓడ ప్రయాణం సుబ్బులమ్మ కోరిక. ఆమె భర్త బతికున్న రోజుల్లో మార్కాపురం పలకలను మద్రాసు రేవుకు తోలి, ఓడలెక్కించి ఎక్కడెక్కడికో పంపేవాడు. “మీ నాయన పలకలు సముద్రాలు దాటినాయి. ఆయన మాత్రం ఓడ మెట్టు గూడా ఎక్కలా. నేనన్నా ఎక్కి పోతా” అని ఆమె ఎప్పటినుంచో అంటోంది. ఎగుమతుల పని చూసుకునే అశోక్ దానికి ఎక్కడో దారి కనిపెట్టాడు. ఐరోపాలో వేసవి తిరుగుళ్ళు ముగిశాక పెద్ద పెద్ద ఓడలు చలికాలానికి అమెరికా వైపు మళ్ళుతాయట, ఆ ఒక్క దాటుడుకు టికెట్లు చవకట. బార్సిలోనాలో ఎక్కితే మయామిలో దిగవచ్చు. వీసాలు కూడా వచ్చేశాయి. వీసా ఆఫీసులో “మీరేం చేస్తారు?” అని నాగవేణిని అడిగితే పక్కనున్న శ్రీరాములు అందుకుని “ఏం చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటాది” అన్నాడు.

అత్త కునుకు తీసే మధ్యాహ్నాల్లో నాగవేణి ఫోన్‌లో ఒక్కొక్క రేవూ చదివింది. మొదట పని అనుకుంది. మూడో రేవు దగ్గరికి వచ్చేసరికి పని కాకుండా పోయింది. ఆ ఊరి పేరు పోంటా డెల్గాడా. ఐరోపాకూ అమెరికాకూ నడుమ, మహాసముద్రం మధ్యలో పుట్టిన దీవి మీద ఉంది. అక్కడినుంచి గంటసేపు బస్సులో పోతే ఫర్నాస్ అనే లోయ వస్తుంది. అక్కడ నేల కింద ఇంకా నిప్పుంది, మట్టిలోంచి ఆవిరి లేస్తుంది. పొద్దున్నే పెద్ద పెద్ద గిన్నెలకు మూతలు బిగించి గుంటల్లోకి దించి, పైన మట్టి కప్పి వెళ్ళిపోతారు. మధ్యాహ్నం వచ్చి తవ్వి తీస్తే లోపలున్నదంతా ఉడికి ఉంటుంది. వీడియోలో ఇద్దరు మగవాళ్ళు కొక్కేలతో గిన్నెను పైకి లాగుతున్నారు, చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నాగవేణి ఆ చప్పట్ల ముందున్న ముక్కనే మళ్ళీ మళ్ళీ చూసింది. ఒక మట్టి దిబ్బ, దాని మీద ఆవిరి, చుట్టుపక్కల ఎవరూ లేరు. గరిటె పట్టుకున్న మనిషి లేదు. మంట తగ్గించే చెయ్యి లేదు. పొంగుతుందేమోనని ఒక చెవి ఇటు పడేసి కూర్చున్నవాళ్ళు లేరు. ఎనిమిదో తరగతికి ఏటేటా అగ్నిపర్వతం బొమ్మ గీసి రంగులు వేసి చెప్పిందే గాని, దానికీ పొయ్యికీ ఏదో చుట్టరికం ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం మానేసింది. తాలింపు పెట్టి పెరటి గుమ్మం దాకా పోయి ఎందుకొచ్చానా అని తిరిగి వచ్చేది. ఉతికిన బట్టలు ఆరేసి, ఆరకుండానే తడిమి చూసేది. “ఏందే, కాలుగాలిన పిల్లిలాగా” అని సుబ్బులమ్మ మంచం మీద నుంచి అంటే, “ఏం లేదత్తా” అనేది. ఏమీ లేకపోవడమే నిజం. ఆ దీవిలో ఆమెకు ఎవరూ లేరు, కొనుక్కోవలసిందీ ఏమీ లేదు. ఒక గుంట పక్కన కాసేపు నిలబడాలి, అంతే. అంత చిన్న కోరికకు ఇంతలా గుండె కొట్టుకోవడం ఆమెకే సిగ్గనిపించింది.

ఆదివారం అశోక్, రాధిక భోజనానికి వచ్చారు. వంటింటి గోడకు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అంచు విరిగిన పెద్ద పలక ఒకటి బిగించి ఉంటుంది. ఇంట్లో ఏది తేలాలన్నా దాని మీద తేలాల్సిందే. మామగారి నాటి అలవాటది. పలక మీద పడ్డాక ఇక మాటకు తిరుగులేదు. నాగవేణి బలపంతో పైన రేవుల పేర్లు, పక్కన మనుషుల పేర్లు రాసి గడులు గీసింది.

“బార్సిలోనాలో ఏదో పెద్ద చర్చి ఉందంట కదక్కా, అది చూడాల” అంది రాధిక.

“అమ్మకు విమానంలో కాళ్ళు వాచిపోయుంటాయి. హోటల్లోనే పండుకోనీ” అన్నాడు శ్రీరాములు. నాగవేణి రాసింది.

మలగాలో అశోక్ బండల వ్యాపారులను కలవాలన్నాడు. అక్కడి కోట ఎత్తు మీద ఉంది, అత్తకు కష్టం. రాసింది. రాధిక మధ్యలో “ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకపోదామక్కా, నువ్వు రూములో ఇంత అన్నం పడేస్తే చాలు” అంది. ఓడలోకి వంట సామాను రానివ్వరని నాగవేణి చెప్పింది. ఆ నియమం రాసిన మనిషెవరో గాని, చదివిన రోజు ఆ పుణ్యాత్ముడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

“పోంటా డెల్గాడా” అని చదివేటప్పుడు ఆమె గొంతు కొంచెం మారింది. “ఇక్కడ నేలలోనే వంట ఉడుకుతాదంట. గిన్నె పూడ్చిపెట్టి...”

“అబ్బ, యాడికి పోయినా నీకు వంట గోలేనా అక్కా!” రాధిక పకపకా నవ్వింది.

“దాంట్లో గొడ్డుమాంసం వేస్తారంట, మనకెందుకది?” అన్నాడు శ్రీరాములు. అంటే ఆయన కూడా ఎప్పుడో ఆ పేజీ తెరిచి చూశాడన్నమాట.

“తినేదానికి కాదండీ. చూసేదానికి.”

“కూర ఉడికేది చూసేదానికి సముద్రాలు దాటాల్నా? మన వంటింట్లో ఉడకడంలా?”

అందరూ నవ్వారు. నాగవేణి కూడా నవ్వింది. నవ్వకపోతే మాట పెద్దదవుతుంది. అక్కడ పడవెక్కి తిమింగలాలను చూడొచ్చని అశోక్ అన్నాడు, మగవాళ్ళిద్దరికీ రాధికకూ అది ఖాయమైంది. బెర్ముడాలో ఇసుక, చక్రాల కుర్చీ నడవదు. రాసింది. చివరికి శ్రీరాములు పలక వైపు చూసి “శభాష్, కలెక్టరు పెట్టినట్టు పెట్టినావు ప్లాను” అన్నాడు.

అందరూ తిని లేచాక ఆమె గిన్నెలు కడిగి, పమిటకు చెయ్యి తుడుచుకుంటూ పలక ముందు నిలబడింది. తన వరుసలో ప్రతి గడిలోనూ ఒకటే మాట. అత్తమ్మతో. అత్తమ్మతో. అత్తమ్మతో. అత్తమ్మతో. ఆమె ఒక్కటొక్కటే వెతికింది, ఏ రేవు దగ్గర ఎవరు తనను ఉండమన్నారా అని. శ్రీరాములు అమ్మను పడుకోనీ అన్నాడు, నువ్వు ఉండు అనలేదు. రాధిక అనలేదు. అశోక్ అనలేదు. పక్కగదిలో పడుకుని వింటున్న సుబ్బులమ్మ అసలు నోరే తెరవలేదు, ఆమెను అడిగినవాళ్ళు లేరు గనక. బలపం తన చేతిలోనే ఉంది. దస్తూరి తనది. ఉద్యోగం మానడం కూడా ఇలాగే జరిగిందా? ఎవరూ తొయ్యలేదు. ఖాళీ గడి కనిపించింది, తనే వెళ్ళి అందులో కూర్చుంది. నింపితే మంచిది అనేవారు, నింపకపోతే ఆ గడి అలాగే ఉండిపోయేది, అందరూ దాని వైపు చూసి చూడనట్టు ఉండేవారు, ఆ చూపు తట్టుకోలేక ఆమే ముందు లేచేది. ఇన్నేళ్ళూ తనను కదిపింది వాళ్ళ మాటలు కాదు, ఆ మౌనం. ఒక్కసారి, ఒకే ఒక్క గడి ముందు, ఆ మౌనాన్ని ఓర్చుకుంటే ఏమవుతుంది?

తడిగుడ్డ అంచు వేలికి చుట్టి పోంటా డెల్గాడా కింద తన గడి తుడిచింది. తడి ఆరేదాకా ఆగింది. ‘ఫర్నాస్’ అని రాసింది. శ్రీరాములు గడి తుడిచి ‘అమ్మతో’ అని రాసింది.

సాయంత్రం అశోక్ వాళ్ళు వెళ్ళాక శ్రీరాములు నీళ్ళకని వచ్చి చూశాడు. “ఏందిది? నా దాంట్లో రాసినావే పొరపాటున.”

“పొరపాటు కాదండీ.”

“నేనా? నేను... అమ్మను బాత్రూముకు తీసుకపోవాల్నా?”

“ఒక్క పూట.”

“మగోడు చేసే పనేనా అది? అశోక్ వాళ్ళు ఏమనుకుంటారు?”

“అశోక్ ఉంటానంటే అశోకే ఉండనీండి. ఇద్దరూ ఆమె కొడుకులే కదా.”

శ్రీరాములు కోపంగా ఏదో అనబోయాడు గాని, ఆ లోపలే పక్కగదిలోంచి సుబ్బులమ్మ గొంతు వచ్చింది. “నేను రాను పోండి! ఓడొద్దు, గీడొద్దు. కొడుకు చేత కడిగించుకునే కర్మేంది నాకు!”

ఆయన ‘చూసినావా’ అన్నట్టు భార్య ముఖంలోకి చూసి ముందుగదిలోకి పోయాడు. నాగవేణికి ముసలామె ఒక్క కోరిక మీద తన కోరిక కాలు పెట్టినట్టయింది. ఇప్పుడు వెళ్ళి గడి తుడిచేస్తే అన్నీ సర్దుకుంటాయి. వేళ్ళు అప్పటికే తడిగుడ్డ వెతుకుతున్నాయి. గుడ్డ అక్కడే వదిలి, నూనె గిన్నె తీసుకుని అత్త మంచం దగ్గరికి వెళ్ళింది.

సుబ్బులమ్మ గోడ వైపు తిరిగి ఉంది. నాగవేణి కాళ్ళ దగ్గర కూర్చుంది. అటు తిరిగి ఉండగానే ముసలామె తన కాలు తనే పైకెత్తి, నొప్పికి చిన్నగా మూలిగి, కోడలి ఒళ్ళో పెట్టింది. ఆ కాలు ఒళ్ళోకి వచ్చేసరికి నాగవేణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఏముందే ఆ ఊర్లో?”

నాగవేణి నూనె రాస్తూ గుంట సంగతి, గిన్నె సంగతి చెప్పింది.

“మరి మంట ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడరత్తా.”

“మాడిపోదూ?”

“మాడదంట.”

“ఒక్కసారన్నా మాడిపోయుంటాదిలే” అంది సుబ్బులమ్మ, నమ్మలేక.

“అత్తా, మీరు రానంటే నేను బలవంతం చెయ్యలేను. వస్తే మీకు అన్ని ఊర్లల్లో నేను తోడుంటా. ఆ ఒక్క ఊర్లో మాత్రం నేను దిగుతా.” చెప్పేటప్పుడు గిన్నె ఒరిగి నూనె పక్కదుప్పటి మీద ఒలికింది. అత్త తుడవమని కూడా అనలేదు.

నాగవేణి వసారాలో కూర్చుని ఫోన్ తీసి ఫర్నాస్ బస్సులో ఒక సీటు తీసుకుంది. పేరు అడిగిన చోట వేలు అలవాటుగా ‘శ్రీ’ అని మొదలుపెట్టింది. చెరిపి, తన పేరు రాసింది. తర్వాత లోపలికి పోయి, “బస్సు టికెట్ తీసినానండీ. ఓడెక్కే లోపల అమ్మను లేపడం నేర్చుకోండి. రేపటినుంచి పొద్దుటి పూట మీది” అంది. శ్రీరాములు టీవీ గొంతు పెంచాడు.

తెల్లారింది. నాగవేణి పెరటి మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. గదిలోంచి పిలుపు వచ్చింది.

“నాగవేణీ.”

కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆమె మళ్ళీ కూర్చుంది.

“నాగవేణీ!”

శ్రీరాములు వసారాలోంచి తల పెట్టి చూశాడు. “అమ్మ పిలుస్తాంది.”

“వినపడిందండీ.”

ఆయన నిలబడ్డాడు. ఆమె చేటలో ఒకే గింజను అటూ ఇటూ జరుపుతోంది. గదిలో మంచం కిర్రుమంది, ఆగింది. పరుగెత్తి పోవాలని ఒళ్ళంతా లాగుతోంది. ముసలామె పడితే? ఈ పట్టుదలకు అంత ఖరీదుందా? పళ్ళు బిగబట్టి చేట అంచు పట్టుకుంది.

చాలాసేపటికి, సిగ్గుతో సగమై, లోపలినుంచి మూడో పిలుపు వచ్చింది. “ఒరే శ్రీరాములూ... ఉండావా నాయనా?”

శ్రీరాములు గది గుమ్మం దాకా పోయాడు. లోపలికి తొంగిచూసి, గబగబా వెనక్కి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. పరీక్షకు చదవని పిల్లవాడిలా చేతులు పిసుక్కుంటూ అడిగాడు. “ముందు కాళ్ళు కిందికి దించాలా, చంకల కింద చేతులేసి లేపాలా? ఏ కాలు ముందు?”

జవాబంతా ఆమె నాలుక చివరికి వచ్చింది. ఎడమ కాలు ముందు, తర్వాత కాస్త ఆగాలి, నడుం పట్టుకోవాలి గాని చెయ్యి పట్టి లాగకూడదు. నోట్లోనే ఆపుకుంది.

“నన్నెందుకడుగుతారు?” అంది నాగవేణి చేటలోంచి తలెత్తకుండా. “అమ్మనడగండి. ఆమెనెవరూ అడగలా ఇంతవరకు.”