చీటీ మీద పేరు

శిక్ష వేసే రోజు పొద్దున్నే ఆ ఇంటి పెద్దకోడలు పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చుకుని మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. సొంత ఇస్త్రీపెట్టె సాక్ష్యం కింద కోర్టులో ఉంది. ఏడు నెలల కింద ఆయన దానితోనే నీళ్ళ మీటరు చూడటానికి వచ్చినతన్ని తల మీద కొట్టాడు. మనింట్లో మాటలన్నీ వీడు పుస్తకంలో రాసుకుపోతున్నాడన్నాడు. పాపం, అతను రాసుకున్నది నాలుగంకెలు. దానికి కుడికన్ను పోయింది.

"కాలరు సరిగ్గా చెయ్యి. జడ్జిగారు చూడగానే మర్యాదస్తుల బిడ్డ అనుకోవాలి," అంది అత్తగారు గుమ్మంలోంచి.

మర్యాద! ఆ ఇంట్లో ఆ ఒక్కదానికీ లోటు రాకుండా చూసే చాకిరీ ఎనిమిదేళ్ళుగా పెద్దకోడలిదే.

పెళ్ళయిన రెండో ఏడు ఆయనకి గోడల్లోంచి మాటలు వినపడటం మొదలైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే ఇంటిల్లిపాదీ ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆఫీసులో తెలిస్తే? మరిదికి పిల్లనెవరిస్తారు? "ఇంటిగుట్టు లంకకి చేటు," అన్న అత్తగారే ఉపాయమూ చెప్పింది. "నువ్వెళ్ళి, నీకే అలా ఉందని చెప్పు. మందు తెచ్చి వాడికి పాలల్లో కలుపు. పెళ్ళాం పిచ్చిదంటే నలుగురూ అయ్యో పాపం అంటారు. మొగుడు పిచ్చివాడంటే మన గుమ్మం తొక్కరు."

వెళ్ళింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది గాని, అప్పుడు నోరు మూసుకుని వెళ్ళింది. గోడలు మాట్లాడుతున్నాయండీ, అందరూ నా గురించే అనుకుంటున్నారండీ, నిద్ర లేదండీ అని బస్సులో కూర్చుని ఆయన జబ్బునంతా వల్లె వేసుకుంది. డాక్టరు చీటీ మీద ఆమె పేరు రాశాడు. రెండు నెలల్లో ఆయన కుదుటపడ్డాడు, ఏడాది తిరక్కుండా ప్రమోషనూ కొట్టాడు. నెలనెలా మందు తేవడం, నూరడం, గ్లాసు అడుగున పొడి మిగలకుండా తిప్పడం, ఆయన తాగేదాకా నవ్వుమొహంతో ఎదురుగా నిలబడటం ఆమె వంతు. గుమస్తాగా పనిచేసే స్కూల్లో ఒక్కపూట సెలవడిగితే పెద్ద మేడమ్ "మళ్ళీ ఏం రోగం?" అనేది. మందుల షాపువాడు ఆ చీటీ చూసినప్పటి నుంచి పొట్లం చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు. ఇంట్లో ఆమె గొంతు కాస్త లేస్తే చాలు, "వదినా, మాత్ర వేసుకున్నావా?" అని మరిది నవ్వేవాడు. అసలు సంగతి తెలిసినవాడే.

ఆ డాక్టరు మంచివాడు. అదే కొంప ముంచింది. ఎనిమిదో ఏట ఆమెని ఎగాదిగా చూసి సంతోషపడిపోయాడు. "శుభ్రంగా కోలుకున్నారమ్మా. ఉద్యోగం చేసుకుంటున్నారు, మాట తీరుగా ఉంది. ఇక మందు సగానికి తగ్గిద్దాం." బాగున్నది నేను, బాగోలేని మనిషి ఇంట్లో ఉన్నాడని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఇంటికొచ్చి అత్తగారితో అంటే, "సగం చేశాడంటే వాడికి నయమైనట్టేగా," అంది. మూడు వారాలకి మీటరు రీడరు తలుపు కొట్టాడు.

జైల్లో ఆయనకి ఆ సగం మందు కూడా లేదు. ప్రతివారం ఆమె మాత్రలూ చీటీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. "ఇది మీ పేరమ్మా, ఖైదీ పేరు మీద తెండి," అనేవాడు జవాను. జబ్బు ఆయనదేనండీ అంటే, "అందరి పెళ్ళాలూ అదే అంటారు. కోర్టు ఆర్డరు తెండి," అనేవాడు. కోర్టులో ఆ మాట ఎత్తొద్దని మరిది వకీలుకి ముందే చెప్పిపెట్టాడు. ఏదో మాటామాటా పెరిగి కోపంలో కొట్టాడని వాదించారు. నేరం రుజువైంది. ఇక మిగిలింది ఎన్నేళ్ళన్నదే.

కోర్టు వరండాలో వకీలు ఆమెని పక్కకి పిలిచాడు. "శిక్ష తగ్గించమనడానికి ఒక్కటే దారమ్మా. మతిస్థిమితం లేని భార్యతో ఎనిమిదేళ్ళు వేగి ఓర్పు నశించిందంటాను. చీటీలన్నీ ఉన్నాయి. మీరు అవునంటే చాలు, ఏడేళ్ళు పడాల్సింది మూడేళ్ళతో పోతుంది."

"పేరు ఎలాగూ నీదే ఉంది వదినా. కొత్తగా పోయేదేముంది," అన్నాడు మరిది.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ మొగుడే కదమ్మా."

ఆమె కోర్టు హాల్లోకి వెళ్ళేసరికి మీటరు రీడర్ని అతని భార్య మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెడుతోంది. ఇవతల ఈయన రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మూడేళ్ళు మందు లేకుండా అలా నిలబడితే ఏం మిగులుతాడో ఆమెకి తెలుసు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసింది తనొక్కతెకే. పేరు పిలవగానే వెళ్ళి బోనెక్కింది.

"ఈ చీటీల మీద పేరు మీదేనా?" అడిగాడు ఆయన తరపు వకీలు.

"నాదేనండి."

"ఎనిమిదేళ్ళుగా మీకు పిచ్చికి వైద్యం జరుగుతోంది. అవునా?"

"వైద్యం జరిగింది. నాకు కాదండి, ఆయనకి." బస్సులో వల్లె వేసిన పాఠం దగ్గర్నుంచి సగం మాత్ర దాకా అంతా చెప్పింది. అవతలి వకీలు లేచి, "అయ్యా, పిచ్చికి మందులు వాడే మనిషి మాట నమ్మాలా?" అన్నాడు. హాల్లో నవ్వారు.

జడ్జి నవ్వలేదు. "కాగితాలన్నీ జబ్బు మీదేనంటున్నాయమ్మా. మిమ్మల్ని ఎలా నమ్మమంటారు?"

"నన్ను నమ్మొద్దండి. మా ఇద్దర్నీ ఒకే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. చీటీ మీద ఎవరి పేరైనా రాయించండి, జబ్బెవరిదో ఆయనే చెబుతాడు. అబద్ధమాడి మందు తెచ్చినందుకు శిక్ష వేస్తే పడతాను."

జడ్జి చాలాసేపు కాగితాలు తిరగేసి శిక్ష వాయిదా వేశాడు. ఇద్దర్నీ పరీక్ష చేయించమని ఆర్డరు రాశాడు.

బయటికి రాగానే అత్తగారు ఎదురుపడింది. "నలుగురిలో నా కొడుకుని పిచ్చివాణ్ణి చేశావు. రేపు ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపిస్తే వాడికి పాలల్లో మందెవరు కలుపుతారు?"

"నేను కలపను అత్తయ్యా. ఆ ఇంటికీ రాను. మాత్ర ఆయన చేతిలోనే పెట్టి ఎందుకో మీరే చెప్పండి. జబ్బు తనదని ఇంతవరకూ ఆయనకి ఎవరూ చెప్పలేదు."