వంటింట్లో హెడ్డాఫీసు

"నలుగురే వస్తాండారు యామినీ, ఎక్కువేం చెయ్యొద్దులే" అని అత్తగారు సరస్వతమ్మ పొద్దున ఏడింటికి చెప్పింది. పదకొండున్నరకు దొర్నిపాడు నుంచి తొమ్మిదిమంది దిగారు. యామినికి ఆశ్చర్యం వేయలేదు. పెళ్లయిన ఈ ఏడేళ్లలో అత్తగారు చెప్పే లెక్కకూ గడప దాటే మనుషులకూ ఏనాడూ పొంతన కుదరలేదు. ఇంకో రెండు గ్లాసుల బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది, పప్పులో నీళ్లు పోసింది, పూర్ణం ఉండల్ని చిన్నవి చేసింది. చేతుల పని చేతులు చేస్తున్నాయి గానీ మనసు ఒక్క చోట నిలవడం లేదు.

వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. యామిని భర్త ఓంప్రకాష్ ఫోటో పేపర్లో పడిందని అభినందించడానికి వచ్చారు. 'సాఫ్ట్‌వేర్ లోపం కనిపెట్టిన ఆళ్లగడ్డ వ్యాపారి' అని జిల్లా పేజీలో వార్త. మామగారు రంగయ్య దాన్ని లామినేషన్ చేయించి, వచ్చినవాళ్లందరి చేతికీ ఇస్తున్నాడు. "మావాడు ఫారినోళ్ల తప్పు పట్టినాడప్పా" అని పెద్ద గొంతుతో అంటున్నాడు. ఆ మావాడు ఇంట్లో లేడు. నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు ఉపన్యాసానికి పిలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కి పోయాడు. నిజంగా ఆ లోపం కనిపెట్టిన మనిషి మాత్రం వంటింట్లో భక్ష్యాలు వత్తుతోంది. తన ఘనకార్యానికి వచ్చిన చుట్టాలకు తనే వండి పెట్టుకుంటోంది.

ఓంప్రకాష్‌ది ఇంటర్నెట్ కనెక్షన్ల వ్యాపారం. ఆళ్లగడ్డలో సగం అంగళ్లకు అతనే వైరు లాగాడు. వైరు లాగడం అతనికి బాగా వచ్చు, మాట్లాడటం ఇంకా బాగా వచ్చు. నెట్ ఎందుకు ఆగిందో కనిపెట్టడం మాత్రం రాదు. అది యామినికి వచ్చు. ఆమె చదివిందే అది. అందుకని పెళ్లయిన మొదటి ఏడే ఒక పద్ధతి కుదిరింది. అతను ఎడమ చెవిలో బ్లూటూత్ పెట్టుకుని కస్టమర్ దగ్గరికి పోతాడు. ఇక్కడ యామిని కూరగాయలు తరుగుతూ, లైను తన లాప్‌టాప్‌లో చూస్తూ ఏం చేయాలో చెబుతుంది. ఆమె అన్న మాటను అట్లాగే అతను పైకి అంటాడు. చెవిలో ఎవరని ఎవరైనా అడిగితే "హెడ్డాఫీసు" అంటాడు. ఊళ్లో అందరికీ ఆ హెడ్డాఫీసు మీద మహా గౌరవం. అది ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

ఆర్నెల్ల కిందట ఒక విత్తనాల అంగట్లో కొత్త కెమెరాలు పెట్టిన దగ్గర్నుంచీ నెట్ పడిపోతోందని గొడవ. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక, రెండు నుంచి నాలుగు వరకు యామినికి కాస్త తెరిపి. వైర్లలో పోయే సమాచారపు ప్యాకెట్లను పట్టి, విప్పి, లోపల ఏముందో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె వాడుతుంది. ఆ కెమెరా ప్యాకెట్ వచ్చినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేరే టక్కున మూసుకుపోయేది. ఇంకొకరైతే మళ్లీ తెరిచి ఊరుకునేవాళ్లు. ఈమెకు ఊరుకోబుద్ధి కాలేదు. పదకొండు మధ్యాహ్నాలు కూర్చుంది. చివరికి దొరికింది. కెమెరా తన పేరు చెప్పుకుంటూ, ఆ పేరు మూడొందల అక్షరాలని ముందే చెబుతోంది. సాఫ్ట్‌వేర్‌లో పేరుకు ఉంచిన జాగా అరవై నాలుగు అక్షరాలకే. జాగా చాలుతుందా అని చూసుకోకుండా ఆ మూడొందలూ తెచ్చి పోసేస్తోంది. పొర్లినవి పక్కనున్న వాటి మీద పడుతున్నాయి. బఫర్ ఓవర్‌ఫ్లో. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన మాట, కళ్లెదుట నిలబడింది. తెలిసినవాడెవడైనా ఆ పొర్లే భాగంలో తన ఆజ్ఞలు పెట్టి పంపితే, చూస్తున్నవాళ్ల కంప్యూటరే వాడి చేతిలోకి పోతుంది. ఆ రోజు యామిని సంతోషం పట్టలేక స్టవ్ మీద పాలు పొంగించేసింది, దానికి సాయంత్రం దాకా మాటలు పడింది కూడా.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు నాలుగు పేజీల రిపోర్టు రాసింది. తప్పంతా అక్కడే జరిగింది. షాపు మెయిల్ నుంచి పంపింది. ఆమెకు వేరే మెయిల్ ఏదీ మిగల్లేదు, పాతది భర్త నంబరుకు ముడిపెట్టి ఎప్పుడో పోగొట్టుకుంది. వాళ్లు సరిచేశారు, కృతజ్ఞతల్లో ఏ పేరు వేయమంటారని అడిగారు. ఆ మెయిల్ ఓంప్రకాష్ చూశాడు. జవాబు కూడా తనే ఇచ్చాడు, తన పేరే రాసి.

యామిని అడిగినప్పుడు అతను తల కూడా ఎత్తలేదు. "మనిద్దరం ఒకటే కదా. ఎవరి పేరుంటే ఏందీ? షాపుకు మంచిది." అత్తగారు అటునుంచి అందుకుంది. "ఆడపిల్ల పేరు ఇంటర్నెట్లో పెడితే ఎవరెవరో ఫోన్లు చేస్తారమ్మే. యాల మనకు?"

ఇద్దరూ ఒకటే అయినప్పుడు ఆ ఒకటీ ఎప్పుడూ అతనే ఎందుకవుతాడో యామినికి అర్థం కాలేదు. అంతకు రెండు నెలల ముందు ఒక కంపెనీ అమ్మాయి ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తూ "ఈ ఏడేళ్లు ఏం చేశారు మేడమ్?" అని అడిగింది. యామిని నోటికి "ఇంట్లో ఉన్నాను" అనే వచ్చింది. ఆ అమ్మాయి మర్యాదగా థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది. ఆ రిపోర్టు మీద తన పేరుండి ఉంటే ఇంకోసారి ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఒకటి ఉండేది. అదే పోయింది.

ఇవాళ పొద్దున అతను బయల్దేరుతూ, "పన్నెండుకు చేస్తా, ఎత్తు. అంతమంది ముందర నన్ను ఇరికించొద్దు" అన్నాడు. ఫోన్ ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పడేద్దామా అనుకుంది. అప్పుడు అతని పరువు పోతుంది, అంతే. తన పేరు మాత్రం రాదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది, కిటికీ దగ్గరికి పోయింది, వచ్చింది, పొయ్యి మంట తగ్గించి మళ్లీ పెంచింది.

పన్నెండుంబావుకు ఫోన్ మోగింది. ఇయర్‌ఫోన్ జుట్టు కిందికి తోసుకుంది. హాలంతా పిల్లల సందడి, మైకు గీపెట్టడం వినిపించాయి.

"అనండి" అని మొదలుపెట్టింది యామిని. ఆమె ఒక వాక్యం చెప్పడం, అతను గంభీరంగా ఒక వాక్యం అనడం. అక్కడ జనం మొహాలు అతనికి కనిపిస్తున్నాయి, ఇక్కడ ఆమెకు కనిపించేది పెనం. బఫర్ అంటే ఏమిటో చెప్పేచోట పుస్తకం మాటలు విసుగేసి, నోటికొచ్చింది చెప్పేసింది. అతనూ అదే అన్నాడు.

"లోపల నాలుగే విస్తళ్లు వేసినారు. గడప దగ్గర ఎంతమందని అడిగేవాళ్లు లేరు. తొమ్మిదిమంది వచ్చినారు. మిగిలిన అయిదుగురు యాడ కూచోవల్ల? పక్క గదిలో, వంటింట్లో, బీరువా దగ్గర. వాళ్లల్లో ఒకడు దొంగైతే ఇల్లు వాడిదే. గడపలో నిలబడి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది."

హాలు గొల్లుమంది. చప్పట్లు మోగాయి. యామిని గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ చప్పట్లు తనవి. ఆళ్లగడ్డ దాకా వచ్చి కూడా తనకు చెందకుండా పోతున్నాయి.

"ఇంకో గిన్నె పప్పు తెస్తివా లేదా?" అని సరస్వతమ్మ ముందు గదిలోంచి కేకేసింది. యామిని ఇయర్‌ఫోన్ చెవిలోకి ఇంకా నొక్కుకుంది. హాల్లో ఒక ఆడపిల్ల లేచినట్టుంది. గొంతు పల్చగా, చిలిపిగా వినిపించింది.

"సార్, ఉదాహరణ శానా బాగుంది. ఇంట్లో వంట మీరే చేస్తారా సార్?"

మళ్లీ నవ్వులు. ఓంప్రకాష్ కూడా నవ్వి ఆగాడు. చెవిలోకి జవాబు రావాలని ఎదురుచూస్తున్నాడు. ఆ ఆగడం యామినికి బాగా తెలుసు. ఏడేళ్లుగా ఆమె ఏది చెబితే అది నోటితో అనేయడమే గానీ, అదేమిటని అతను ఒక్కసారీ ఆగి చూసుకోలేదు. చెవిలో పడింది నోట్లోంచి వచ్చేయాలి, అంతే. ఇది తప్పేమో అనిపించింది. తప్పయితే అయిందిలే అని కూడా అనిపించింది.

"అనండి" అంది మామూలు గొంతుతో. "వంట చేసేది నా భార్య."

"వంట చేసేది నా భార్య" అన్నాడు ఓంప్రకాష్ హుషారుగా.

"ఈ లోపం కనిపెట్టింది కూడా ఆమే. ఆమె పేరు యామిని."

"ఈ లోపం కనిపెట్టింది కూడా ఆమే. ఆమె పేరు యామిని" అన్నాడు అతను మైకులో, స్పష్టంగా, పూర్తిగా. అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. మొదట ఆ ఆడపిల్ల చప్పట్లు కొట్టింది, ఆమె వెనక అందరూ కొట్టారు. ఈసారి ఆగకుండా కొట్టారు.

ఆ మోతలో ఓంప్రకాష్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టున్నాడు. గొంతు బాగా తగ్గించి, "ఏం పని చేస్తివే?" అన్నాడు. కోపమో ఏడుపో ఆ గొంతులో తెలియడం లేదు. అంతలో ఎవరో ఇంకో ప్రశ్న అడిగారు. ఆ జాగా కొలత చూసుకోవడం లేదని ఆమె మొదట ఎట్లా గుర్తుపట్టిందట.

"ఇప్పుడేం చెప్పల్ల?" అన్నాడు ఓంప్రకాష్ గుసగుసగా.

యామిని పొయ్యి ఆర్పింది. వంటింటి తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది.

"ఇంక మీరేం చెప్పద్దు. ఫోను స్పీకర్లో పెట్టి, మైకు దగ్గర పట్టుకోండి."