మూత తీయని రోజులు

డబ్బా చేతికిచ్చేటప్పుడు రాహేలమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"పొద్దున ఏడు కాంగానే ఇది కూస్తాది. పచ్చలైటు వెలుగుతాది. మూత తియ్యి, మూడు బిళ్ళలు మింగు, మళ్ళా మూత పెట్టు. నువ్వు మూత తీసిన సంగతి ఆత్మకూర్లో నా ఫోన్లో కనపడతాది. తియ్యకపోతే అదీ కనపడతాది."

వెంగమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లటి ప్లాస్టిక్ పెట్టె. లోపల బిళ్ళల అట్టలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఈడ ఉదయగిరిలో నేను మూత తీస్తే ఆడ మీకు తెలుస్తాదా మేడం?"

"తెలుస్తాది. ఆరు నెలలు తప్పకుండా మింగితే నీ టీబీ పోతాది. నడాన ఆపినావంటే మళ్ళా మొదటికొస్తాది. అప్పుడు ఈ మందులకు లొంగదు."

చుట్టుపక్కల నాలుగు మండలాల్లో టీబీ వచ్చినవాళ్ళందరినీ కనిపెట్టుకుని ఉండడమే రాహేలమ్మ ఉద్యోగం. యాభై దాటిన మనిషి. మోకాలి నొప్పితోనే బస్సులెక్కి దిగుతూ ఉంటుంది. ఆమె వెళ్ళిపోయాక వెంగమ్మ డబ్బాను గూట్లో పెట్టి, దాని ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసింది.

వెంగమ్మకు నలభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు ఉదయగిరిలో కొయ్య గరిటెలూ స్పూన్లూ చేసే షెడ్డులో పని చేసింది. మగవాళ్ళు కొయ్య కోసి చెక్కి ఇస్తే, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు తేవడం ఆమె పని. అంచు మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకునే, ఇక్కడ ఇంకా గరుకుందని చెప్పేది. దగ్గు మొదలైనప్పుడు కొయ్యపొట్టు వల్లే అనుకుంది. అందరూ అదే అనుకున్నారు. తెమడలో ఎర్రటి చార కనపడ్డాకే పరీక్షకు వెళ్ళింది.

షెడ్డు యజమాని జనార్దనయ్య చెడ్డవాడు కాదు. పక్కకు పిలిచి, గొంతు తగ్గించే చెప్పాడు. "వెంగమ్మా, ఇవి జనం నోట్లో పెట్టుకునే వస్తువులు గదా. నయమైనాక చూద్దాం."

మొగుడు పోయినప్పటి నుంచీ ఆమె చెల్లెలు సరళ దగ్గరే ఉండేది. సరళకు ఎనిమిది నెలల పాప. మరిది ఒక్క మాట కూడా తూలలేదు. చెరువుకట్ట అవతల వాళ్ళ నాయన ఎప్పుడో కట్టిన ఒంటిగది తాళం తీసి, ఊడ్చి, మంచం వేసి వచ్చాడు. "ఆరు నెలలే గదా వదినా," అన్నాడు. తన దుప్పటీ దిండూ అప్పటికే వేరే మూట కట్టి గుమ్మం బయట పెట్టి ఉండడం చూసి వెంగమ్మ ఇంకేమీ అడగలేదు. పాపను ఒకసారి ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకోకుండానే బయలుదేరింది.

మొదట్లో సరళ రెండు పూటలా ఫోన్ చేసేది. తర్వాత రెండు రోజులకోసారి. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, ఒంట్లోకి కాస్త బలం వచ్చింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెల్లెలికి చెప్పాలని వెంగమ్మ ఆసుపత్రి మెట్ల మీద నుంచే ఫోన్ చేసింది.

"అట్టనా అక్కా, మంచిదే," అంది సరళ. వెనక పాప ఏడుస్తోంది. "మళ్ళా చేస్తానుండు," అని పెట్టేసింది. ఆ వారం మళ్ళీ చేయలేదు.

గది ముందు నుంచి చూస్తే ఎదురుగా దుర్గం కొండ. పొద్దు దాని మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసి వెంగమ్మ గంటలు చెప్పుకునేది. ఏడింటికి డబ్బా కూసేది. మూత తీసేది, మింగేది, మూసేది. ఆ తర్వాత రోజంతా మిగిలేది. పక్క గూడెంలో వాళ్ళు నీళ్ళకు పోతూ ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాస్త అవతలికి జరిగి నడిచేవాళ్ళు. పలకరిస్తే తల ఊపేవాళ్ళు. నిలబడేవాళ్ళు కాదు.

రెండో నెలలో ఒకరోజు తెల్లారుజామున కడుపులో తిప్పి వాంతి అయింది. నీరసంతో పడుకుండిపోయింది. డబ్బా కూసింది కూడా తెలియలేదు. పది గంటలకు ఫోన్ మోగింది.

"వెంగమ్మా, ఏంది మే, మూత తియ్యలేదు?"

"కడుపు తిప్పింది మేడం. ఇప్పుడే మింగుతా."

"ఏం తిన్నావు రాత్రి?"

ఏం తిన్నదో చెప్పింది. పుల్లటి మజ్జిగ తాగొద్దనీ, రెండు ఇడ్లీలు తిని కాసేపాగి బిళ్ళలు వేసుకోమనీ రాహేలమ్మ చెప్పింది. కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయా, ఒంటేలు ఇంకా ఎర్రగానే వస్తుందా అని అడిగింది. మందుకు అట్లాగే వస్తుంది, భయపడొద్దంది. ఫోన్ పెట్టాక వెంగమ్మ చూసుకుంది. నాలుగు నిమిషాలు. తనను పేరు పెట్టి ఒకరు పిలిచి తొమ్మిది రోజులైందని అప్పుడు లెక్క తట్టింది.

మర్నాడు ఏడింటికి మూత తీసింది. ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ తీసింది. రాలేదు.

నాలుగో రోజు మూత తీసినప్పుడు ఒక అట్టలోంచి రేపటి మూడు బిళ్ళలు కత్తిరించి కొంగున ముడేసుకుంది. తెల్లారి ఏడింటికి డబ్బా కూస్తుంటే ఆ మూడూ మింగి, నీళ్ళు తాగి, మూత ముట్టుకోకుండా కూర్చుంది. డబ్బా కూసి కూసి ఊరుకుంది. పదింటికి ఫోన్ వచ్చింది.

"మర్చిపోయినా మేడం," అంది వెంగమ్మ. గొంతులో సంతోషం వినపడుతుందేమోనని భయమేసింది.

బిళ్ళలు తప్పలేదు గదా, మూతే గదా తప్పింది అని తనకు తాను చెప్పుకుంది. వారానికోసారి అనుకున్నది, రెండుసార్లయింది, మూడుసార్లయింది. రాహేలమ్మ మొదట కోప్పడింది, తర్వాత బతిమాలింది. బతిమాలుతూ బతిమాలుతూ వేరే కబుర్లలోకి దిగేది. తనదీ ఒంటి వంటేననీ, ఒక్కదానికోసం పులుసు పెట్టాలంటే చెయ్యి ఆడదనీ చెప్పింది. మోకాలికి ఏదో నూనె రాస్తే తగ్గిందనీ, మళ్ళీ వచ్చిందనీ చెప్పింది. వెంగమ్మ మేడం అనడం మానేసి అక్కా అనసాగింది. రాహేలమ్మ వద్దనలేదు.

నాలుగో నెలలో, వాన ముసురు పట్టిన ఒకరోజు, చెప్పాపెట్టకుండా రాహేలమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా బురద. వచ్చీ రాగానే డబ్బా తెరిచి, ఖాళీ అట్టలన్నీ మంచం మీద పరిచి లెక్కపెట్టింది.

"బిళ్ళలు సరిగ్గానే అయినాయి. ఒక్కటి కూడా ఎక్కువ మిగల్లేదు. మరి నా ఫోన్లో ఎర్రగుర్తులు ఎందుకొస్తుండాయి?"

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. వెంగమ్మ నోటి దాకా వచ్చింది కూడా. రాహేలమ్మ కొంగుతో తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చుంది. ఆ గదిలోకి వచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆమె.

"డబ్బా చెడిపోయిందేమో అక్కా," అంది వెంగమ్మ. "ఒక్కో రోజు లైటే రాదు."

"అంతేలే. బిళ్ళలు ఈడుంచి, దీన్ని తీసుకోనిపోయి వేరేది పంపిస్తాను." రాహేలమ్మ మొహం తేటపడింది. "నువ్వు మందు మానేసినావేమోనని ప్రాణం కొట్టుకులాడింది. దుత్తలూర్లో హరి అని బోరు లారీ మీద పనిచేసేవాడు ఇంకొకడున్నాడు, వాడికీ ఇట్టే గుర్తులు. మొత్తం మీద నీకే ఎక్కువుంటే ముందు నీ దగ్గరికొచ్చినా. మధ్యాహ్నం బస్సుకు ఆడికి పోవాల."

"అన్నం తినిపోక్కా. పులుసు పెట్టినాను."

పొద్దున్నే చెరువు చేపలు రెండు దొరికాయి. రాహేలమ్మ తిన్నది. మారు వడ్డిస్తే వద్దనకుండా తిన్నది. చింతపండు ఎంత వేశావని అడిగింది. వాన పెరిగింది. బస్సు టైమైందని ఆమె లేవబోతే, "ఈ వానలో యాడికక్కా," అని వెంగమ్మే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు దుత్తలూరు చేరేసరికి చీకటి పడుతుంది. రాహేలమ్మ ఇక నేరుగా ఆత్మకూరు పోయింది. ఆమె తిన్న కంచం కడుగుతూ వెంగమ్మ చాలా రోజుల తర్వాత ఏదో కూనిరాగం తీసింది.

రెండు రోజులకు కొత్త డబ్బా వచ్చింది. ఆ సాయంత్రమే ఫోన్ కూడా వచ్చింది. మూత తీసిన రోజు ఫోన్ రావడం అదే మొదలు.

"హరికి నోట్లోంచి రక్తం పడిందంట," అంది రాహేలమ్మ. "నెల్లూరు తీసుకోనిపోయినారు. పది రోజులుగా మందే మింగలేదంట. ఆ పొద్దు నేను పోయుంటే..." ఆగింది. "ఊరికే నీతో చెప్పాలనిపించింది."

వెంగమ్మ గూట్లో కొత్త డబ్బా వైపు చూసింది.

"అక్కా, డబ్బా చెడిపోలేదు."

"ఏంది?"

"బిళ్ళలు ముందురోజే తీసి పెట్టుకునేదాన్ని. మూత తియ్యకపోతే మీరు ఫోన్ చేస్తారని."

అవతల ఏదో బస్సు హారన్ వినపడింది.

"నేను నీ గదిలో కూర్చుని అన్నం తిన్నాను వెంగమ్మా," అంది చివరికి రాహేలమ్మ. "మారు వడ్డించుకుని తిన్నాను." అంతే. ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత రెండు నెలలూ వెంగమ్మ ఒక్కరోజూ తప్పలేదు. డబ్బా ఇంకా కూయకముందే దాని దగ్గర కూర్చునేది. మూత తీసి, రాహేలమ్మ తన ఫోన్లో ఆ గుర్తు చూస్తూ ఉంటుందేమోనని ఒక నిమిషం అట్లాగే పట్టుకునేది. ఫోన్ రాలేదు. తనంతట తాను రెండుసార్లు చేసింది. రాహేలమ్మ ఎత్తి, "బిళ్ళలకు సంబంధించిందేమైనా ఉందా?" అని అడిగింది. లేదంటే, "సరే," అంది.

ఆరో నెల చివర ఆత్మకూరు వెళ్ళి ఆఖరి పరీక్షలు చేయించుకుంది. జబ్బు పూర్తిగా పోయిందన్నారు. రాహేలమ్మ డబ్బా వెనక్కి తీసుకుని రిజిస్టరులో సంతకం పెట్టించుకుంది. ఆమె మోకాలికి పట్టీ ఉంది.

"హరి ఎట్టుండాడు మేడం?"

మేడం అన్న మాటకు రాహేలమ్మ ఒక్కసారి తలెత్తి చూసింది. "బతికినాడు. దుత్తలూర్లోనే ఉండాడు. మళ్ళా మొదట్నించీ మందులు. ఎవురితోనూ మాట్లాడడు."

"నేను పోయి చూసేదా?"

"వద్దు. అది నీ పని కాదు." రిజిస్టరు మూస్తూ, "ఒళ్ళు జాగ్రత్త," అంది.

వెంగమ్మ దుత్తలూరు మీదుగా పోయే బస్సు ఎక్కి, అక్కడ దిగింది. బోరు లారీ మీద పనిచేసే హరి ఇల్లు ఎక్కడని అంగడామెను అడిగితే వెనక సందు చూపించింది. ముప్పై ఏళ్ళవాడు, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"నా పేరు వెంగమ్మ. ఉదయగిరి. నాకూ ఇదే జబ్బు, ఈ పొద్దుతో అయిపోయింది."

"ఆయమ్మ పంపించిందా?"

"లేదు. పోవద్దనింది."

నిలబడే అంతా చెప్పింది. మూత సంగతి, వాన సంగతి, బస్సు తప్పించిన సంగతి. హరి నేల చూస్తూ విన్నాడు.

"ఆ పొద్దు వచ్చినా తలుపు తీసుండను," అన్నాడు. "అంతకుముందు వారం వచ్చింది. లోపల పండుకోని పలకలా. ఎవురు పలకరించినా విసుగు నాకప్పుడు."

వెంగమ్మకు ఆ మాటతో ఊరట కలగలేదు. "ఏమో, ఆ పొద్దు తీసుండేవోడివేమో," అంది.

"ఏమో," అన్నాడు హరి కూడా.

"మీది ఈ ఊరేనా?" అడిగింది వెంగమ్మ.

"సోమశిల డ్యాం నీళ్ళలో మునిగిపోయింది మా ఊరు. నేను పుట్టకముందే."

తాగడానికి నీళ్ళడిగింది. అంగట్లో సీసా దొరుకుతుందన్నాడు. గ్లాసులోనే ఇమ్మంది. తెచ్చి, గుమ్మం మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. వెంగమ్మ ఎత్తి పోసుకోలేదు. గ్లాసు పెదవులకు ఆనించి, మెల్లగా, మొత్తం తాగింది. హరి అది చూశాడు. చూసి మొహం రోడ్డువైపు తిప్పుకున్నాడు.

జనార్దనయ్య షెడ్డులో ఆమె చోట వేరే మనిషి కుదిరింది. వెంగమ్మ కలిగిరి వైపు పొగాకు ఆకులు రకాలుగా ఏరే గ్రేడింగు పనికి పోసాగింది. సరళ ఇంటికి రమ్మంది గాని, ఎప్పుడని చెప్పలేదు. వెంగమ్మ ఆ ఒంటిగదిలోనే ఉండిపోయింది. నెలకోసారి పని లేని రోజు చూసుకుని దుత్తలూరు వెళ్ళేది. ఎక్కువ మాటలుండేవి కాదు. బిళ్ళలు మింగావా అంటే మింగినా అనేవాడు. రెండోసారి వెళ్ళినప్పుడు కూర్చోమని నులక స్టూలు వేశాడు. మూడోసారి చొక్కా కాస్త నిండింది.

ఐదోసారి వెళ్ళేసరికి తలుపుకు తాళం ఉంది.

"నయమైపోయింది గదమ్మా," అంది అంగడామె. "ఆసుపత్రామె వచ్చి డబ్బా తీసుకోనిపోయింది. వాడు బోరు లారీ ఎక్కి పోయినాడు. కర్ణాటకనో యాడనో, నాకు తెలీదు."

"మంచిదే," అంది వెంగమ్మ. నిజంగానే మంచిదనిపించింది. ఏమైనా చెప్పిపోయాడా అని అడగబోయి ఊరుకుంది. అతని కోసం తెచ్చిన రెండు అరటిపళ్ళు అంగడామె చేతిలో పెట్టి, ఉదయగిరి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడింది.