ఎర్ర చుక్క

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. వాన పడలేదు, ఎండా రాలేదు. మరలాయన షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, బల్ల మీది దీపం వేశాడు.

టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టెలు బాగుచేస్తాడు ఆయన. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. కుడి బొటనవేలి గోరు అరిగి చదునైపోయింది. అందరూ స్క్రూ అనేదాన్ని ఆయన మర అంటాడు. ఏ పెట్టె కొనాలని ఎవరడిగినా ముందు వెనక్కి తిప్పి చూస్తాడు. జిగురుతో అతికించింది వద్దంటాడు. మరలు కనిపిస్తే కొనుక్కోమంటాడు. "మర ఉంటేనే మర్యాద ఉన్నట్టు. విప్పి చూసుకోమంటున్నాడు కదా" అనేవాడు. ఆ మాటకే వీధి ఆయనకి ఆ పేరు పెట్టింది.

బాగుచేసిన పెట్టెకు ఆఖరి మర బిగించాక, దాని తల మీద భార్య గోళ్లరంగుతో ఒక ఎర్ర చుక్క పెడతాడు. చుక్క ఉన్న పెట్టెకు పూచీ తనది.

గోడకి ఒక బొమ్మ ఉంది. మరలున్న పెట్టెలు చేసే కంపెనీ యజమానిది. లోకంలోని శ్రీమంతుల్లో ఒకడు. మోచేతుల దాకా చొక్కా మడిచి, చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని నవ్వుతున్నాడు. కింద 'మీరు కొన్నది మీదే' అని ఉంది. మరలాయన పేపర్లోంచి కత్తిరించి అట్టకి అంటించుకున్నాడు. పక్కనే నిరుడు ఆ కంపెనీ పంపిన సర్టిఫికెట్టు: 'నమ్మకమైన మరమ్మతుదారు'. బాగుచేసిన ప్రతి పెట్టె నంబరూ తమకు తెలియజేస్తే అసలు భాగాలు పంపుతామన్నారు. పదహారేసి అంకెలు. భార్య పైకి చదివేది, ఆయన ఫోనులో ఒక్కో వేలితో కొట్టేవాడు. భాగాలు మాత్రం రాలేదు. "పెద్దవాళ్లకి పనులుంటాయిలే" అని, ఎప్పటిలాగే పాత పెట్టెల్లోంచి తీసినవి వేస్తూ వచ్చాడు.

దీపం కింద గుడ్డ పరుస్తుండగా ఇస్త్రీ ఆమె వచ్చింది. పెట్టెను దిండుగలీబులో పెట్టి చంకలో ఇరికించుకుంది.

"అన్నా, పొద్దున్నే ఇది ఏదో రాసి చూపిస్తోంది. మా ఆయన నొక్కుతూనే ఉన్నాడు."

"ఏం రాసిందమ్మా?"

"అది చదవగలిగితే నీ దగ్గరికెందుకొస్తాను?"

ఆమె భర్తకి నిరుడు పక్షవాతం వచ్చింది. చెయ్యి ఆడాలంటే ఆట ఆడించమన్నాడు డాక్టరు. ఇప్పుడిప్పుడే చూపుడువేలు మడుస్తున్నాడు.

మరలాయన టీవీకి తగిలించాడు. తెర మీద తెల్లటి అక్షరాలు: 'ఇందులో అనుమతి లేని భాగం ఉంది. ఈ పెట్టె ఇక పనిచేయదు. కొత్తది కొనండి.' రాత్రి కంపెనీ నెట్ ద్వారా అన్ని పెట్టెలకీ ఏదో పంపిందట.

విప్పాడు. లోపల అన్నీ బాగానే ఉన్నాయి. బిగించాడు. అవే అక్షరాలు. మధ్యాహ్నానికి బల్ల మీద మరో ఐదు చేరాయి. అన్నిటికీ ఎర్ర చుక్క ఉంది.

ఎదురు దుకాణంవాడు టీ గ్లాసుతో గుమ్మంలోకొచ్చాడు.

"ఏం బాబాయ్, నీ మర్యాదస్తులంతా ఒకేసారి అలిగారా? నేను బాగుచేసినవి గంతులేస్తున్నాయి."

"నువ్వూ పాత భాగాలేగా వేసేది."

"వేస్తాను. వేశానని ఆ కంపెనీవాడికి చెప్పను."

నవ్వుతూనే అన్నాడు. మరలాయన మొహం చూసి, టీ సగంలో ఉండగానే వెళ్లిపోయాడు.

మరలాయన సర్టిఫికెట్టు దగ్గరికెళ్లి మళ్లీ చదివాడు. తర్వాత, ఇంకా అక్కడే కాచుకుని ఉన్న ఇస్త్రీ ఆమెతో అన్నాడు: "నేనే చెప్పానమ్మా వాళ్లకి. మీ పెట్టె నంబరు."

"ఎవరికి?"

బొమ్మ చూపించాడు. ఆమె దగ్గరికెళ్లి చూసింది.

"అంత గొప్పాయనకి మా పెట్టెతో ఏం పనన్నా?"

ఆయన ఆమె పెట్టెను గుడ్డతో తుడిచాడు.

"నువ్వు కొనమన్నావనే కొన్నాం" అంది ఆమె. గొంతు పెంచలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

"ఇక్కడే కూర్చో" అని ఇంటికి నడిచాడు. తమ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఒకటుంది. అది ఒక్కసారీ చెడలేదు, కాబట్టి దాని నంబరు కంపెనీకి పంపలేదు. భార్య అప్పుడే పని ముగించుకుని కార్ల పందెం పెట్టుకుంది. మోకాళ్ల నొప్పితో వీధి చివరిదాకా నడవలేని మనిషి, తెర మీద కొండమలుపుల్లో ఎవరికీ అందదు. ఆయన చెప్పింది విని, పందెం మధ్యలో ఆపి, తీగలు తనే ఊడబీకి చుట్టింది.

ఇస్త్రీ ఆమె దాన్ని అదే దిండుగలీబులో పెట్టుకుని వెళ్లింది. మిగతా ఐదుగురికి ఇవ్వడానికి ఏమీ లేదు. ఎవరి పెట్టె వాళ్లకి తిరిగి చేర్చాడు. నంబర్లు పంపింది తనేనని ఐదు గుమ్మాల్లోనూ చెప్పాడు.

సాయంత్రం సర్టిఫికెట్టు ఊడదీసి, వెనకవైపు తెల్లగా ఉంటే 'ఇక్కడ మరమ్మతులు చేయబడవు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. షట్టరు దించి దాని మీద అంటించాడు.

భార్య రెండు కంచాలు పెట్టింది. టీవీ పక్కన పెట్టె ఉన్న మేర దుమ్ము లేని నలుచదరం మిగిలింది.

"నంబర్లు చదివింది నేనేగా" అంది.

ఆమె మంచినీళ్ల చెంబు ఆయన వైపు జరిపి, ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. కంచాల మధ్య, ఆయన జేబులోంచి తీసి పెట్టిన గోళ్లరంగు సీసా ఉంది. మూత అంచున రంగు గట్టిపడింది, అడుగున ఇంకా పది పదిహేను చుక్కలకు సరిపడా ఉంది.