గది చప్పుడు

డాక్యుమెంటరీ అంటే బాబాయికి గొంతు. బొమ్మ వెనక ఒకాయన గంభీరంగా చెబుతూ పోవాలి, చూసేవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ఆయన అన్న కూతురికి అది అస్సలు గిట్టదు. ఏమీ అడగకూడదు, ఏమీ చెప్పకూడదు, గోడలా నిలబడి చూడాలంటుంది. ఇద్దరికీ క్షణం పడదు. అయినా కలిసే తీస్తున్నారు, ఎందుకంటే తీసేది పిన్ని దర్జీ కొట్టు గురించి. మర్నాడు కొట్టు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. అసలైన పిన్ని ఈ పూట దొరికితే దొరికినట్టు, లేకపోతే ఇక లేనట్టే.

దొరికితేగా! కెమెరా కనబడితే చాలు, పిన్ని వార్తలు చదివే మనిషైపోతుంది. అమ్మాయి గోడలా నిలబడితే పిన్నీ గోడలాగే కూర్చుంది. కొట్టు మూసేస్తుంటే ఎలా ఉందని బాబాయి గుచ్చి గుచ్చి అడిగితే, విశ్రాంతి దొరుకుతుంది కనుక సంతోషమేనని అప్పజెప్పింది. ఇక తన వ్యాఖ్యానమే దిక్కని బాబాయి మీసం దువ్వాడు. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

సామాను సర్దేముందు గది చప్పుడు తీసుకోవాలంది. అందరూ మాట్లాడకుండా ఉంటే ఆ గదికుండే సన్నని హోరును రికార్డు చేసుకుంటారు. ఎడిటింగులో అతుకులు వినపడకుండా పనికొస్తుంది. నోరు మెదిపితే చంపేస్తానని బాబాయిని బెదిరించింది. ఆ కోపంలో కెమెరా ఆపడం మరిచిపోయింది.

బాబాయి నోరు బిగించి నిలబడ్డాడు. షూటింగు అయిపోయిందనుకున్న పిన్ని హాయిగా జడ ముడేసుకుని మొగుణ్ణి ఎగాదిగా చూసింది. చొక్కా గుండీ వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కించి, ఆయన దగ్గరికెళ్ళి కుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు చూసింది అమ్మాయి, కెమెరా మీద ఎర్రదీపం! గుండె దడదడా కొట్టుకుంది. ఆ చప్పుడూ రికార్డయిపోతుందేమోనని ఊపిరి బిగబట్టింది.

పిన్ని పంటితో దారం తెంపింది. చెయ్యి మాత్రం గుండీ మీదే ఉండిపోయింది.

"రేపట్నుంచి పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్ళాలండీ?" అంది, ఇంట్లో మాట్లాడే గొంతుతో.

బాబాయి కళ్ళనిండా నీళ్ళు. అమ్మాయికి ఏడుపూ ఆనందమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. గోడా లేదు, నియమం లేదు, కెమెరా ముందుకే పరిగెత్తుకెళ్ళి పిన్నిని వాటేసుకుంది.

బాబాయి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. ఇక మాట్లాడొచ్చు బాబాయ్ అని అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఆయన నోరు తెరిచాడు, గొంతు సవరించుకున్నాడు, ఒక్క మాటా రాలేదు.